పాసుబుక్కు ఎవరి బీరువాలో ఉంది? – జీఎస్-2లో ఆంక్షలు, మినహాయింపులు నాకు అర్థమైన తీరు

సివిల్స్ ఫలితాలు వచ్చి ఇవాళ్టికి ఆరో రోజు. జాబితాలో నా పేరున్న పేజీని మా నాయన ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. నాలుగో ప్రయత్నం. తెలుగు మీడియం, ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఫోన్ చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంచుమించు అందరూ అడిగింది ఒకటే: "అక్కా, జీఎస్-2లో అంతర్జాతీయ సంబంధాలు తెలుగులో ఎట్లా రాసినావు?"

జీఎస్-2 అంటే మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపరు. దాని సిలబస్ మీకు తెలుసు. పుస్తకాల జాబితాలు నా దగ్గర ఉన్నవాటికన్నా మీ దగ్గరే ఎక్కువ ఉంటాయి. అందుకే ఒక్క టాపిక్ గురించే రాస్తున్నా. ఆంక్షలు విధించడం, వాటికి మినహాయింపు ఇవ్వడం. మూడో ప్రయత్నంలో నన్ను ముంచింది అదే, నాలుగోసారి గట్టెక్కించిందీ అదే.

మొదటి రెండుసార్లు ప్రిలిమ్స్ దగ్గరే ఆగిపోయాను. సెంటర్ అనంతపురమే, ఇంటి నుంచి పొద్దున బస్సెక్కి పోయి రాసి వచ్చేదాన్ని. ప్రిలిమ్స్ రెండో పేపరు సీశాట్‌ను తేలిగ్గా తీసుకున్నందుకు ఒకసారి, పాలిటీలో అతివిశ్వాసానికి ఇంకోసారి దెబ్బ తిన్నాను. అంతకుమించి వాటి గురించి చెప్పేదేమీ లేదు.

మూడోసారి మెయిన్స్‌కు విజయవాడ పోయాను. జీఎస్-2లో 84 వచ్చాయి, 250కి. మిగతా పేపర్లు పర్వాలేదు. ఆ ఒక్క పేపరే నన్ను ఇంటర్వ్యూకు దూరం చేసింది. మార్కులు చూసిన రోజు నాలో నేను వెతుక్కున్న కారణాలన్నీ బయటివే. తెలుగులో రాసినందుకు తక్కువ వేశారనుకున్నా, చేతిరాత బాగాలేదనుకున్నా, టైమ్ చాలలేదనుకున్నా. ఆరు వారాలు అదే పాట.

ఆ పాట మాన్పించింది జిల్లా గ్రంథాలయంలో పరిచయమైన ఒక అన్న. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా పోయినవాడు, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాడు. పరీక్ష హాల్లో రాసిన సమాధానాలు గుర్తున్నంతవరకు మళ్లీ రాసి చూపించమన్నాడు. భారత్–అమెరికా సంబంధాల మీద రాసినదాంట్లో నాదొక వాక్యం ఉంది: "ఎస్-400 కొనుగోలు విషయంలో 2022లో అమెరికా భారత్‌కు కాట్సా ఆంక్షలను ఎత్తివేసింది." ఎస్-400 అంటే మనం రష్యా నుంచి కొన్న క్షిపణి రక్షణ వ్యవస్థ. కాట్సా అంటే రష్యా నుంచి పెద్ద ఆయుధాలు కొన్నవాళ్ల మీద ఆంక్షలు వేయమనే అమెరికా చట్టం. అన్న ఎర్ర పెన్నుతో నా వాక్యం చుట్టూ సున్నా చుట్టి, పక్కన మూడు మాటలు రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. "ఎవరు? ఏ సంతకం?"

నా దగ్గర జవాబు లేదు. పేపర్లో కత్తిరించి పెట్టుకున్న హెడ్డింగ్ ఒక్కటే గుర్తుంది. ఆ రాత్రి కమలానగర్ రూమ్‌లో కూర్చుని మొదటి నుంచి చదివాను. 2022 జూలైలో జరిగింది ఏమిటంటే, అమెరికా ప్రతినిధుల సభ ఒక సవరణను ఆమోదించింది. భారత్‌కు మినహాయింపు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరింది. అంతే. అది చట్టం కాలేదు. అధ్యక్షుడు సంతకం పెట్టిన మినహాయింపు పత్రం ఏదీ లేదు. అసలు ఎత్తివేయడానికి మన మీద ఆంక్ష విధించిందెప్పుడు? విధించనే లేదు. ఒక్క వాక్యంలో నేను మూడు తప్పులు చేశాను. దిద్దేవాళ్లకు అది ఒక్క చూపులో కనపడి ఉంటుంది. తెలుగులో రాసినందుకు పోయిన మార్కులు కావవి. తెలియక రాసినందుకు పోయినవి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది, మీకు అంత పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

తేడా మాత్రం నాకు పుస్తకంలో అర్థం కాలేదు, మా ఊర్లో అర్థమైంది.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఐదెకరాల మెట్ట, చెనిక్కాయ పంట. జూన్‌లో ఇంటికి పోయినప్పుడు నాయన బ్యాంకు నుంచి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఆధార్ జిరాక్సులు, 1బీ, ఏదో రసీదు. నేను నోట్స్ ముందేసుకుని "శాంక్షన్", "వేవర్" అని పైకి చదువుతున్నా. నాయన విని, "శాంక్షన్ అంటే మంజూరు గదా పాపా, దాన్ని మళ్లా వేవర్ చేసేదేంది?" అన్నాడు. నిజమే, మనకు లోన్ శాంక్షన్ అంటే మంజూరే. విదేశాంగంలో అదే మాటకు శిక్ష అని అర్థం అని చెప్పాను. వేవర్ అంటే మాఫీ అని కూడా చెప్పాను. అప్పుడు నాయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా.

"మాఫీ అయితే బాకీ పోయినట్టు. భూమి పాసుబుక్కు చేతికిస్తారు, ఇంటికి తెచ్చుకుంటాం. రీషెడ్యూల్ అయితే బాకీ ఆడే ఉంటాది, గడువు ఒక్కటే జరుగుతాది. బుక్కు వాళ్ల బీరువాలోనే. వానలు రాని ఏడు మనకు చేసింది రీషెడ్యూలే, ఊర్లో అందరూ మాఫీ మాఫీ అని పండగ చేసుకున్యారు. నువ్వు చదివేదాంట్లో పాసుబుక్కు యాడుందో చూసుకోల్ల."

నోట్స్ మూసేసి చాలాసేపు కూర్చున్నా. అమెరికా అధ్యక్షుడు ఇచ్చే వేవర్ మాఫీ కాదు. మన బ్యాంకు చేసే రీషెడ్యూల్. చట్టం అలాగే ఉంటుంది, దాని దెబ్బ మన మీద పడకుండా కొంతకాలం పట్టి ఉంచుతారు. గడువు ముగిస్తే మళ్లీ పోయి నిలబడాలి. చట్టాన్నే తీసేయడం రద్దు. విధించిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం ఎత్తివేత. కొన్ని వస్తువులకు, కొందరు మనుషులకు తలుపు తెరిచి ఉంచడం సడలింపు. ఈ నాలుగు మాటల్నీ నేను అంతకుముందు ఒకదాని బదులు ఒకటి వాడేశాను. ఆ రోజు నుంచి ప్రతి ఆంక్షకూ నోట్‌బుక్‌లో రెండే ప్రశ్నలు రాసుకున్నా: ఏ చట్టం కింద? పాసుబుక్కు ఎవరి బీరువాలో?

ఇప్పుడు 1998ని ఆ ప్రశ్నలతో చదవండి. మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ అణుపరీక్షలు. 13వ తేదీనే అమెరికా అధ్యక్షుడు క్లింటన్ గ్లెన్ సవరణ కింద ఆంక్షలు విధించాడు. అణుపరీక్ష చేసిన దేశం మీద ఆంక్షలు వేయమనే చట్ట సవరణ అది. ఆ సవరణలో అధ్యక్షుడికి మినహాయింపు అధికారమే పెట్టలేదు. అంటే పాసుబుక్కు వైట్‌హౌస్‌లో లేదు, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) బీరువాలో ఉంది. మొదట కదిలింది ఎవరో తెలుసా? గోధుమ రైతులు. మే చివర్లో పాకిస్తాన్ కూడా పరీక్షలు చేయడంతో ఆ దేశం మీదా ఆంక్షలు పడ్డాయి. వాషింగ్టన్ రాష్ట్రపు గోధుమకు పాకిస్తాన్ పెద్ద గిరాకీ. ఎగుమతి రుణాలు ఆగిపోతే తమ పంట ఎవరు కొంటారని వాళ్లు గోల పెట్టారు. జూలైకల్లా వ్యవసాయ ఎగుమతులను ఆంక్షల నుంచి తప్పిస్తూ చట్టం వచ్చేసింది. చెనిక్కాయ రేటు పడిపోతే మార్కెట్ యార్డు ముందు జరిగేదేమిటో చూస్తూ పెరిగినదాన్ని, నాకు ఇది కథలాగా గుర్తుండిపోయింది. ఆంక్ష వేసినవాడికీ నొప్పి ఉంటుంది, ఆ నొప్పి ఎవరికి ముందు తగిలితే సడలింపు అక్కడి నుంచి మొదలవుతుంది.

ఆ అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ చేసిన బ్రౌన్‌బ్యాక్ సవరణ అధ్యక్షుడికి ఏడాది పాటు మినహాయింపు అధికారం ఇచ్చింది. మరుసటి ఏడు దాన్ని కాలపరిమితి లేకుండా చేశారు. అటు మన తరఫున జస్వంత్ సింగ్, అమెరికా తరఫున స్ట్రోబ్ టాల్బాట్ చర్చలు నడుస్తూనే ఉన్నాయి. ఇటు మన ప్రభుత్వం రిసర్జెంట్ ఇండియా బాండ్లతో ప్రవాసుల నుంచి 400 కోట్ల డాలర్లకు పైగా తెచ్చుకుంది. చివరికి 2001 సెప్టెంబర్ 22న బుష్ మిగిలిన ఆంక్షలకు మినహాయింపు ఇచ్చాడు. సెప్టెంబర్ 11 తర్వాత పదకొండు రోజులకు. భారత్‌కూ పాకిస్తాన్‌కూ ఒకే రోజు. మన వాదన నెగ్గిందని మాత్రమే రాస్తే అది సగం సమాధానం. వాళ్ల అవసరం మారిందని కూడా రాయాలి.

2008 సెప్టెంబర్ 6న ఎన్‌ఎస్‌జీ (అణు సరఫరాదారుల బృందం) ఇచ్చింది కూడా మినహాయింపే. 1974 నాటి మన మొదటి పరీక్ష తర్వాత పుట్టిన గుంపు అది. దాని నిబంధన మారలేదు, మనం ఇప్పటికీ సభ్యులం కాదు. అయినా యురేనియం కొనుక్కునే దారి తెరుచుకుంది. మన పక్క జిల్లా కడపలో తుమ్మలపల్లి గనులున్నాయి కాబట్టి ఇది మనకు దూరపు విషయం అనిపించదు. ఆ గనులుండి కూడా బయటి నుంచి ఇంధనం ఎందుకు కావాల్సి వచ్చింది, దానికి ఎన్‌ఎస్‌జీ మాట ఎందుకు అవసరమైంది అని మీరే ఒక పేజీ రాసి చూడండి. నాకు చాలా పనికొచ్చిన సాధన అది.

ఇరాన్ అయితే అచ్చం క్రాప్ లోన్ రెన్యువలే. 2012లో ఇరాన్ చమురు మీది ఆంక్షల నుంచి అమెరికా మనకు 180 రోజుల మినహాయింపు ఇచ్చింది, చమురు కొనుగోళ్లు తగ్గిస్తున్నామని చూపిస్తేనే. ఆరు నెలలకోసారి మళ్లీ. చెల్లింపుల్లో 45 శాతం యూకో బ్యాంకు ద్వారా రూపాయల్లో నడిచింది. 2018 మేలో ట్రంప్ అణు ఒప్పందం నుంచి బయటికొచ్చాడు. ఆ నవంబర్‌లో భారత్ సహా ఎనిమిది దేశాలకు మళ్లీ 180 రోజులు. 2019 మే 2 తర్వాత రెన్యువల్ లేదు, మన కొనుగోళ్లూ ఆగిపోయాయి. 2018 మెయిన్స్‌లో వచ్చిన ప్రశ్న తీసి చూడండి: అమెరికా–ఇరాన్ అణు ఒప్పంద వివాదం మన జాతీయ ప్రయోజనాలను ఎలా ప్రభావితం చేస్తుంది, భారత్ ఎలా స్పందించాలి? దీన్ని నేను పదకొండుసార్లు రాశాను. మొదటి మూడుసార్లు "సమతుల్య విధానం అవలంబించాలి" అని ముగించాను. అన్న మూడుసార్లూ కొట్టేశాడు. ఇరాన్‌లోని చాబహార్ ఓడరేవును ముందు పెట్టి రాశాకే ఒప్పుకున్నాడు. ఎందుకంటే చమురుకు దొరికిన వెసులుబాటు వేరు, చాబహార్‌కు దొరికింది వేరు. ఓడరేవుకు 2018లో అఫ్గానిస్తాన్ పేరు మీద ప్రత్యేక మినహాయింపు వచ్చింది. చమురుది ఆరు నెలలకే పోయినా ఇది నిలిచింది. 2024 మే 13న మనం పదేళ్ల ఒప్పందం కూడా చేసుకున్నాం. 2025 సెప్టెంబర్ 29 నుంచి ఆ మినహాయింపు తీసేస్తున్నట్టు అమెరికా ప్రకటించింది, అక్టోబర్ చివర్లో మళ్లీ ఆరు నెలల గడువు దొరికింది. పదేళ్ల ఒప్పందం, ఆరు నెలల పాసుబుక్కు. ఆ రెంటి మధ్య ఉన్న ఇరుకును రాస్తే సమాధానం దానంతటదే బరువు తెచ్చుకుంటుంది.

కాట్సాకు మళ్లీ వస్తా. 2017 ఆగస్టు చట్టం. 12 రకాల ఆంక్షల జాబితాలోంచి కనీసం ఐదు విధించాలి. ఎస్-400 కొన్నందుకు 2018లో చైనా రక్షణ కొనుగోళ్ల విభాగం మీద, 2020 డిసెంబర్‌లో నాటో సభ్యదేశమైన టర్కీ సంస్థ మీద వేశారు. మన ఒప్పందం 2018 అక్టోబర్‌లో అయింది, 2021 చివర్లో సరఫరా మొదలైంది. మన మీద ఆంక్షా పడలేదు, మినహాయింపు పత్రమూ రాలేదు. ఇది నాలుగు మాటల్లో దేనికీ చెందదు. బ్యాంకు నోటీసు పంపలేదు, అంతే. నాలుగో ప్రయత్నంలో ఈ సంగతిని ఉన్నదున్నట్టు రాశాను, "నిర్ణయాన్ని తెరిచి ఉంచడం కూడా ఒత్తిడి సాధనమే" అని. ఆ వాక్యం రాసేటప్పుడు నా చేయి వణకలేదు.

ఇంతదాకా మనం తలుపు బయట నిలబడ్డ కథలే. మనం విధించినవీ చదవాలి, చాలామంది వదిలేస్తారు. దక్షిణాఫ్రికాతో జాతి వివక్ష కారణంగా 1946లోనే వాణిజ్యం తెంచుకున్న దేశం మనది, ఇంకా స్వాతంత్ర్యం రాకముందే. ఆ తలుపు తెరుచుకుంది 1993లో. పాకిస్తాన్ విషయంలో 2001 డిసెంబర్ 13 పార్లమెంటు దాడి తర్వాత హైకమిషనర్‌ను వెనక్కి పిలిచాం, సిబ్బందిని సగానికి తగ్గించాం, 2002 జనవరి 1 నుంచి సంఝౌతా రైలు, లాహోర్ బస్సు, విమానాల రాకపోకలు ఆపేశాం. విధించడానికి పట్టింది పట్టున పదిహేను రోజులు. విప్పడం చూడండి: 2003 మధ్యలో హైకమిషనర్లు, బస్సు. 2004 జనవరి 1న విమానాలు, నెల మధ్యలో రైలు. రెండేళ్లు, ఒక్కో మెట్టు. 2025 ఏప్రిల్ 23న, పహల్గాం దాడి మరుసటి రోజు, సింధు జలాల ఒప్పందాన్ని నిలుపుదలలో పెట్టడం, అట్టారీ సరిహద్దు మూసివేత, రక్షణ సలహాదారుల బహిష్కరణ, హైకమిషన్ సిబ్బంది 55 నుంచి 30కి కుదింపు అన్నీ ఒక్క సాయంత్రం ప్రకటించాం. ఒప్పందాన్ని "రద్దు" అని రాసిన జవాబులు ఎన్నో చూశాను. నిలుపుదల వేరు, రద్దు వేరు. ఆ తేడా తెలుగులో ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మనమెందుకు కలిపేయాలి?

ఐక్యరాజ్యసమితి భాగం చకచకా చెప్తా. భద్రతా మండలికి ఆంక్షలు వేసే అధికారమిచ్చే చార్టర్ 41వ అధికరణ మీకు తెలుసు. దాన్ని మన దేశంలో అమలు చేసేది 1947 నాటి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చట్టం. ఇది రాసేవాళ్లు తక్కువ, రాయండి. మనం ఏకపక్ష ఆంక్షలను గుర్తించం, మండలి ఆంక్షలనే గుర్తిస్తాం అనే వైఖరికి ఇదీ ఆధారం. 2022 డిసెంబర్‌లో మానవతా సాయాన్ని అన్ని ఆంక్షల నుంచీ తప్పిస్తూ 2664 తీర్మానం వచ్చినప్పుడు 14 దేశాలు ఔనన్నాయి. ఓటింగుకు దూరంగా ఉన్నది భారత్ ఒక్కటే. అప్పుడు మండలి అధ్యక్ష స్థానం కూడా మనదే. సాయం పేరుతో ఉగ్రవాద ముఠాలు నిధులు సేకరిస్తాయన్నది మన అభ్యంతరం. అదే మనం 2025 అక్టోబర్‌లో తాలిబాన్ విదేశాంగ మంత్రి ముత్తాఖీ ప్రయాణ నిషేధానికి మండలి కమిటీ మినహాయింపు ఇస్తే ఢిల్లీలో ఆహ్వానించాం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఇంటర్వ్యూకు తయారయ్యాను. మనకు మినహాయింపు అంటే వ్యతిరేకత లేదు, ఎవరికి, ఎన్ని రోజులకు, ఎవరి పర్యవేక్షణలో అన్నదే మన ప్రశ్న అని నేను నమ్ముతున్నాను. నమ్మిందే రాశాను.

ఈసారి జీఎస్-2లో 117.

ఇది చూసి కొందరు "టెస్ట్ సిరీస్ బాగా దొరికింది, అదృష్టం" అన్నారు. ఈ మాట నన్ను బాధపెట్టింది. మా పిన్ని కూతురి పెళ్లికి పోలేదు నేను. ఊరంతా మాట్లాడుకున్నారు. కలెక్టరయ్యాక పోతుందా అన్నారు. అమ్మ కమ్మలు కుదువలో ఉన్నప్పుడు పట్టుచీర కట్టుకుని భోజనాలకు పోయే మనసు నాకు లేదు. అది పొగరు కాదని మా పిన్నికి తెలుసు, అది చాలు. తమ్ముళ్లూ, సప్తగిరి సర్కిల్లో టీ తాగుతూ ఎన్ని గంటలు చదివావని లెక్కలు చెప్పుకోవడం మానండి. ఎన్ని పేజీలు రాశారో చెప్పుకోండి. పొద్దున ఐదింటికి లేచి ఒక సమాధానం రాయకుండా నేను ఉగ్గాని ముట్టలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా 150 మాటల జవాబొకటి రాశాను. ఫోన్ లాకర్లో పెట్టి గ్రంథాలయం లోపలికి పోయేదాన్ని. తెలుగు మీడియం అని జాలి చూపించేవాళ్ల దగ్గర కూర్చోకండి, ఆ జాలి అలవాటవుతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటుంది నిజమే. ఆ మాటను మీ తెలుగులోకి తెచ్చుకునే కష్టం మీదే. కానీ ఆ కష్టం పడినప్పుడే నాకు "వేవర్" అర్థమైంది, ఇంగ్లీషులో రాసి ఉంటే ఆ మాటను అలాగే దించేసి ముందుకు పోయి ఉండేదాన్ని.

నా ఆంక్షల నోట్‌బుక్ జిరాక్స్ తీయించి ఆదివారం జిల్లా గ్రంథాలయంలో ఇస్తున్నా. 62 పేజీలు. కుడి పేజీలో ఆంక్ష, చట్టం, తేదీ. ఎడమ పేజీలో మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరిది, గడువు ఎప్పటిదాకా. చాబహార్ పేజీ మాత్రం పెన్సిల్‌తో రాశాను. మీరు చదివేనాటికి గడువు మారి ఉంటే చెరిపి కొత్త తేదీ వేసుకోండి.